గోదావరికి బకెట్టెడు బాకీ

గోదావరి మధ్యలో ఉన్న పడవకి నీళ్ళెక్కడినుంచి తేవాలని చంటిపిల్లాడు అడిగితే నవ్వి ఊరుకుంటాం. అదే మాట ఫైల్లో అడిగితే ఎవరూ నవ్వరు. పెద్దపెద్దవాళ్ళు కళ్ళద్దాలు తుడుచుకుని జవాబు వెతుకుతారు. ఆ వెతుకులాటకి కారకుడూ, కర్తా, చివరికి బలిపశువూ కూడా అయిన ఆకొండి కామేశం గారు మాత్రం, ఇప్పుడు ఎవరైనా ఆ ఊసెత్తితే ముందు తనే నవ్వేస్తారు. ఎదుటివాడికంటే ముందు మనం నవ్వేస్తే కాస్త పరువు మిగులుతుందని ఆయన సిద్ధాంతం.

కామేశం గారు జలవిహార సంస్థలో డిప్యూటీ ఇంజనీరు. జనాన్ని లాంచీలో ఎక్కించి పాపికొండలు చూపించి తీసుకురావడం ఆ సంస్థ పని. అంతకుముందు ఆయన ఉద్యోగమంతా గట్టినేల మీద, హాస్టలు భవనాలు కట్టించే శాఖలో గడిచింది. ఈత రాదు. లాంచీ ఎక్కితే కుర్చీ వదలరు. అలాంటివాణ్ణి నీళ్ళమీదికి ఎందుకు పంపారంటే, షరతులు రాయడంలో ఆయన దిట్ట. ఆయన రాసిన షరతుల్లోంచి కంట్రాక్టరు ఎవడూ తప్పించుకున్న దాఖలా లేదు. "చీమ దూరే సందు కూడా ఉంచను" అని ఆయన చెప్పుకునేవారు. సందు లేనిచోట తను కూడా దూరలేనన్న సంగతి ఆయనకి జలజాక్షి దగ్గర తెలిసింది.

జలజాక్షి అంటే లాంచీ పేరు. అందులో మరుగుదొడ్డి పెట్టాలన్న ఆలోచన కామేశం గారిదే గాని, దానికి మూలం వాళ్ళావిడ సుభద్రమ్మ. ఆయన సంస్థలో చేరిన కొత్తలో ఆవిణ్ణి పాపికొండలు చూపిస్తానని లాంచీ ఎక్కించారు. ముందురోజు సాయంత్రం నుంచి ఆవిడ మంచినీళ్ళు ముట్టలేదు. లాంచీ ఎక్కే ఆడవాళ్ళంతా పట్టే వ్రతమే అది, ఏ పంచాంగంలోనూ ఉండదు. అయినా మిట్టమధ్యాహ్నం కొండలు వచ్చేసరికి ఆవిడ కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, ఇనప కమ్మీ పట్టుకుని కూచుంది. "అదిగో చూడు, ఇదిగో చూడు" అని ఈయన చూపించిన కొండల్లో ఆవిడ ఒక్కటీ చూడలేదు. ఇంటికొచ్చాక మాత్రం చెప్పాల్సింది చెప్పింది.

"మీ మగాళ్ళకేవండీ. లాంచీ ఏ ఇసకతిప్ప దగ్గర ఆపినా దిగి వెళ్ళొస్తారు. మాకు చెట్టూ లేదు, చాటూ లేదు. పాపికొండలు ఇంక నాకొద్దు. క్యాలెండర్లో చూసుకుంటాను."

ఆ మాట కామేశం గారికి ముల్లులా గుచ్చుకుంది. ఆ ముల్లు తీసుకోవడానికే ఫైలు పెట్టారు. ఇన్నేళ్ళ సర్వీసులో సొంతంగా వచ్చిన మంచి ఆలోచన అదొక్కటేనని ఆయనే ఒప్పుకుంటారు. "నేను రిటైరయ్యేలోగా దొడ్డి ఉన్న లాంచీలో నిన్ను తీసికెళ్తాను. కడుపునిండా నీళ్ళు తాగి ఎక్కుదువుగాని" అని ఆవిడకి మాటిచ్చారు. ఆయన రిటైరయ్యేది జూన్ నెలాఖరున. గోదావరికి ఎర్రనీరు తగలగానే లాంచీలు ఒడ్డున కట్టేస్తారు, అది కూడా జూన్‌లోనే. అంటే మాట నిలబెట్టుకోడానికి ఆయనకున్నది ఒక్క వేసవి.

ఏప్రిల్‌లో దొడ్డి తయారైంది. గోడలకి తెల్లటి పలకలు, అద్దం, తలుపుకి ఇత్తడి గడియ. మురుగు నదిలో కలవకుండా అడుగున వేరే తొట్టి, ఒడ్డుకొచ్చాక దాన్ని బండిలోకి తోడించే ఏర్పాటు. నెత్తిన నీళ్ళ ట్యాంకు. అన్నీ ఉన్నాయి, ట్యాంకులో నీళ్ళు తప్ప.

లాంచీ నడిపే సరంగు మల్లాడి నూకరాజు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "సిన్న మోటారెట్టి, ఓ గొట్టం గోదాట్లోకి జారేత్తే సిటికెలో నిండిపోద్దండి. కొట్టించెయ్యమంటారాండి?"

కొట్టించెయ్ అనడానికి కామేశం గారు నోరు తెరిచారు. అంతలో ఏడో షరతు గుర్తొచ్చింది. తెరిచిన నోరు అలాగే మూశారు.

"మరుగుదొడ్డికి వాడు నీరు ఆమోదిత బోరుబావి లేక పురపాలక కుళాయి నుండి మాత్రమే తీసుకొనవలెను. చెరువు, కాలువ, నది, గుంట మొదలగు బహిరంగ వనరుల నుండి ఎట్టి పరిస్థితులలోనూ తీసుకొనరాదు." ఇదీ ఏడో షరతు. హాస్టలు పిల్లలు గుంటనీళ్ళు వాడి జబ్బు పడకుండా వెనకటికి ఆయన రాసిందే. జలజాక్షికి షరతులు రాయాల్సొచ్చినప్పుడు ఆ పాత ఫైలు ముందు పెట్టుకుని, "భవనము" అని ఉన్నచోటల్లా "నౌక" అని మార్చారు. మిగతాది ముట్టుకోలేదు. మిగతాది చదువుతుంటే బాగానే ఉన్నట్టనిపించింది. నౌక చుట్టూ ప్రహరీగోడ కట్టి ఆవరణలో వేపమొక్కలు నాటవలెనని కూడా అందులో ఉంది. అది అప్పటికింకా ఎవరి కంటా పడలేదు.

విషయం విని నూకరాజు నది వైపు ఓసారి చూశాడు.

"బోరు ఇక్కడే ఏయించేద్దావాండి? అడుగున ఇసక మంచిదేనండి. నీళ్ళు పడతాయి, ఆయ్."

వాడు వెటకారం ఆడుతున్నాడో నిజంగా అంటున్నాడో కామేశం గారికి చివరిదాకా అంతుపట్టలేదు. షరతు మార్పించుకుంటే సరిపోతుందని ఆయన సంస్థ ఎం.డి. చక్రధరరావు గారి దగ్గరికి వెళ్ళారు. చక్రధరరావు గారు మాట్లాడితే ఎదురుగా స్టెనో కూచుని రాసుకుంటున్నట్టే ఉంటుంది.

"కామేశం గారూ, నిబంధనను సవరించుట అనగా, దానిని రచించిన అధికారికి దూరదృష్టి లోపించినదని సంస్థ అంగీకరించుటే కదా. ఆ అధికారి ఎవరు?"

"నేనేనండి."

"మీవంటి సమర్థుల మీద అటువంటి మచ్చ పడుట నాకు సమ్మతం కాదు."

పడితే పడనివ్వండి సార్, కడుక్కుంటాను అనాలి. కామేశం గారు అనలేదు. తన సామర్థ్యాన్ని పైవాళ్ళు గుర్తించడం అరుదు గనక లోలోపల కాస్త పొంగిపోయారు కూడా. ఎం.డి. గారి సలహా ప్రకారం గోదావరిని ఆమోదిత జలవనరుగా గుర్తించమని అడగడానికి నదుల శాఖకి వెళ్ళారు.

అక్కడి అధికారి పరాంకుశం గారు. పడవలకి లైసెన్సులిచ్చేదీ ఆయనే, నదిలో నీళ్ళకి లెక్క చెప్పేదీ ఆయనే. సన్నటి మనిషి. నవ్వు ఆయనకి శాంక్షన్ కాలేదు.

"నది మాదే. అందులో వివాదం లేదు. కాని మా రికార్డుల్లో ఇది సాగునీరు, తాగునీరు. కడుగునీరు అనే పద్దు లేదు. అయినా పరిశీలిస్తాం. నీరు తీసుకొను స్థలంలో నీరున్నట్టు సదరు గ్రామాధికారి నుంచి ధ్రువపత్రం తెండి."

"గోదావరిలో నీళ్ళున్నాయనాండి?"

"అవును. పడవ కదులుతుంది గనక, మీట నొక్కే సమయానికి ఏ గ్రామం ఎదురుగా ఉంటారో ముందుగా తెలపాలి."

కామేశం గారు కాసేపు నిజంగానే ఆలోచించారు. "అది మనిషి మనిషికీ మారిపోతుంది కదండీ."

"అందుకే మా శాఖ ఇటువంటివి ప్రోత్సహించదు."

వేరొకరైతే బల్ల గుద్ది వచ్చేసేవారు. కామేశం గారికి కోపం రాలేదు. ఆ కుర్చీలో తనున్నా అదే ప్రశ్న వేసి ఉండేవాణ్ణని ఆయనకి అనిపించింది. ఆ అనిపించడమే తన రోగమని ఇంకా తెలియలేదు.

సరే, షరతు ప్రకారమే పోదామనుకున్నారు. పురపాలక కుళాయి నీళ్ళకోసం ట్యాంకరు బండి మాట్లాడారు. మే నెల ఎండలో వీధికుళాయిల దగ్గర ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని నిలబడి ఉంటే, దొడ్డికి నీళ్ళు పట్టుకుపోతున్న ట్యాంకరుకి పడ్డ శాపనార్థాలు అన్నీ ఇన్నీ కావు. అవి వినకుండా కామేశం గారు బండి ముందు సీట్లో తల వంచుకుని కూచున్నారు. ఆ కుళాయి నీళ్ళు మాత్రం ఎక్కడివి? రేవుకి కాస్త ఎగువన పెద్ద గొట్టాలతో గోదావరిలోంచి తోడేవే. రేవు మెట్లమీదనుంచి గొట్టం జారవిడిచి నూకరాజు ట్యాంకు నింపాడు.

"ఎగవన తోడి, ఊరంతా తిప్పి, మళ్ళీ ఇక్కడికే తెచ్చారండి. గోదారమ్మ తీర్తయాత్ర సేసొచ్చేసిందండి బాబూ."

ట్యాంకు నిండగానే జలజాక్షి ఓ పక్కకి ఒరిగింది. పరాంకుశం గారు వచ్చి చూసి, నెత్తిన ఇంత బరువు పనికిరాదు, నీళ్ళయినా ఉండాలి జనమైనా ఉండాలి, రెండూ కుదరవని రాసిచ్చారు. పెద్ద ట్యాంకు దింపి చిన్నది పెట్టారు. అది నాలుగైదుసార్లు మీట నొక్కితే ఖాళీ. జలజాక్షికి వచ్చే ఆడవాళ్ళు ఆ నాలుగైదు అవకాశాలనీ ఎలా పంచుకోవాలన్నది ఏ షరతులోనూ లేదు.

అప్పుడు కామేశం గారికి తట్టింది. నీళ్ళు లాంచీలో ఎందుకుండాలి? వెనకాల ఇంకో పడవలో ఉంటే సరి. లాంచీకి తాడుతో ఆ పడవ, ఆ పడవనుంచి లాంచీలోకి గొట్టం. రంగు పెన్సిళ్ళతో బొమ్మ గీసి "అనుబంధ జలవాహక నౌక" అని పేరు రాసి ఎం.డి. గారికి చూపించారు. చక్రధరరావు గారు ఆ బొమ్మని కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూశారు.

"అపూర్వము" అన్నారు.

ఆ ఒక్క మాటకి కామేశం గారు ఇంటికి స్వీటు కట్టించుకుని వెళ్ళారు. సుభద్రమ్మ జిలేబీ తింటూ అంతా విని, "ఇంతకీ గోదావరిలో ఉన్నవి నీళ్ళు కావాండీ?" అని అడిగింది. "నీకు ఆఫీసు సంగతులు తెలీవు" అన్నారు ఈయన. తెలీవన్నమాట నిజమే. తెలిస్తే ఆవిడ కూడా అలా అడిగేది కాదు.

నీళ్ళ పడవకి లైసెన్సు ఇవ్వడానికి వచ్చిన పరాంకుశం గారు కామేశం గారి షరతుల కాగితం చేత్తో పట్టుకునే వచ్చారు.

"ఈ పడవలో సిబ్బంది ఉంటారా?"

"ఇద్దరుంటారండి. తెడ్డు దగ్గరొకడు, గొట్టం దగ్గరొకడు."

"సంస్థ అధీనంలోని ప్రతి నౌకయందూ మరుగుదొడ్డి ఉండవలెనని మీ మూడో షరతు. దొడ్డి ఏదీ?"

కామేశం గారు నవ్వి, "కట్టించేస్తాం లెండి. నీళ్ళకి కొదవేముంది, పడవంతా నీళ్ళేగా" అన్నారు.

"ఆ నీరు జలజాక్షి నిమిత్తం కేటాయించినది. ఒక దొడ్డికి కేటాయించిన నీరు వేరొక దొడ్డికి మళ్ళించరాదని మీ తొమ్మిదో షరతు."

కామేశం గారు కాగితం అందుకుని చదివారు. నిజంగానే ఉంది. ఎక్కడా సందు లేకుండా, ఎంతో బాగా రాసి ఉంది. ఎవరు రాశారో గాని గట్టివాడే అనుకున్నారు ముందు. తరవాత గుర్తొచ్చింది.

కనక నీళ్ళ పడవలో దొడ్డికి నీళ్ళు తేవడానికి దాని వెనకాల ఇంకో నీళ్ళ పడవ వచ్చింది. ఆ పడవలో ఇద్దరు. వాళ్ళకో దొడ్డి. ఆ దొడ్డికి నీళ్ళు. దాని వెనకాల మరో పడవ. నూకరాజుకి ఈ ఏర్పాటు తెగ నచ్చేసింది. మొదటి పడవలో బావమరుదుల్ని పెట్టాడు. రెండోదాంట్లో తోడల్లుడినీ వాడి తమ్ముణ్ణీ పెట్టాడు. రోజూ పొద్దున్నే వచ్చి, "ఇంకో పడవేవన్నా పడద్దేమో సూడండి సార్. మా పెదనాన్న కొడుకులిద్దరూ కాళీగా ఉన్నారు" అనేవాడు.

పెదనాన్న కొడుకులకి కూడా పడవ దొరికింది. లాంచీతో కలిపి లెక్కేస్తే అది నాలుగోది. దాని వెనక అయిదోది పెట్టాలా వద్దా అన్న దగ్గర సంస్థ ఆగి ఊపిరి పీల్చుకుంది. లెక్క ప్రకారం పోతే ఈ తాడు సముద్రందాకా పోతుందని కామేశం గారికి ఇంజనీరింగు చదువువల్ల తెలిసింది. పరిష్కారం కూడా ఆయనే కనిపెట్టారు. కొసపడవలో ఉన్న ఇద్దరిచేతా "ప్రయాణకాలమందు నాకు ఎట్టి అవసరమూ కలగదనియు, కలిగినచో అందుకు పూర్తి బాధ్యత నాదేననియు" హామీపత్రం రాయించుకున్నారు. వాళ్ళు వేలిముద్రలు వేసి, అయితే టీ కూడా తాగకూడదాండి అని అడిగారు. తాగకూడదన్నారు కామేశం గారు. ఇంట్లో ఆడదాని ఉపవాసం మాన్పించడానికి బయల్దేరినవాణ్ణి, ఇక్కడ ఇద్దరు మగాళ్ళచేత అదే ఉపవాసం పట్టిస్తున్నానని ఆయనకి అప్పుడు తట్టలేదు.

ప్రారంభోత్సవం జూన్ మొదటివారంలో పెట్టారు. పడమట మబ్బులు పట్టాయి. ఇవాళ కాకపోతే ఇంక లేదని నూకరాజు ముందే చెప్పాడు. రేవులో సుభద్రమ్మ కొత్త వెంకటగిరి చీర కట్టుకుని, చేతిలో నీళ్ళ సీసా పట్టుకుని నిలబడింది.

"నిజంగా తాగనాండీ?"

"తాగు. నీ వెనకాల మూడు పడవల నీళ్ళొస్తున్నాయి."

ఆవిడ ఆయన మొహం ఒకసారి చూసి, సీసాడు నీళ్ళూ తాగేసింది. తరవాత కాఫీ తాగింది. దొంగతనంగా తాగినట్టు అటూ ఇటూ చూసి ఇంకో కాఫీ కూడా తాగింది. చూస్తూ ఉంటే కామేశం గారికి కళ్ళు చెమర్చాయి. నామీద ఈ మనిషికి ఎంత నమ్మకం అనుకున్నారు. ఆ నమ్మకానికి తను తగనన్న భయం కూడా అప్పుడే మొదలైంది.

జలజాక్షి బయల్దేరింది. దాని వెనక మూడు పడవలు తాళ్ళతో, గొట్టాలతో వరసగా కదిలాయి. లాంచీ చుట్టూ ప్రహరీగోడ బదులు మోకాలెత్తు వెదురుతడిక కట్టారు, ముందుభాగాన కుండీలో వేపమొక్క పెట్టారు. పదకొండో షరతు చివరికి పరాంకుశం గారి కంటపడింది మరి. ఒడ్డున ఉన్నవాళ్ళు దేవుడి తెప్పోత్సవం అనుకున్నారు. ఒక ముసలావిడ రెండు చేతులూ జోడించింది. లాంచీలో ఎం.డి. గారు, పరాంకుశం గారు, పిలుపందుకున్న మహిళాసంఘాలవాళ్ళు కూచున్నారు. కామేశం గారు తన కుర్చీ పట్టుకుని కూచున్నారు.

దొడ్డి తలుపుకి రిబ్బను కట్టి ఉంది. చక్రధరరావు గారు కత్తిరించి ఉపన్యసించారు.

"సోదరీమణులారా, ఇది కేవలం ఒక మీట కాదు. ఇది ప్రగతి యొక్క మీట. దీనిని నొక్కుటద్వారా నేను ఒక శకమును ప్రారంభించుచున్నాను."

నొక్కారు. నీళ్ళు బుస్సుమని దిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. తరవాత పరాంకుశం గారు లోపలికి వెళ్ళి, నీటి పరిమాణం పరిశీలించడానికి నొక్కారు. మహిళాసంఘం అధ్యక్షురాలు నొక్కింది, కార్యదర్శి నొక్కింది. ఫొటో సరిగ్గా రాలేదని ఎం.డి. గారు మళ్ళీ నొక్కారు. ట్యాంకు ఖాళీ అయింది. వెనకపడవలోంచి నీళ్ళెక్కించమని కామేశం గారు చెప్పేలోపల లాంచీ కింద జరజరమని చప్పుడైంది.

ఇసకమేట. తేలిగ్గా ఉంది గనక జలజాక్షి దానిమీదుగా జారిపోయింది. కడుపునిండా నీళ్ళున్న మొదటి పడవ మేటమీద కూలబడింది. దానికి కట్టి ఉన్న మిగతా రెండూ వచ్చి దాని వెనక కూలబడ్డాయి. తాడు తెగింది, గొట్టం ఊడొచ్చింది. బావమరుదులు చేతులూపారు. కొసపడవలో ఉపవాసులిద్దరూ అదే అదనుగా ఇసకలోకి దూకి చెట్లవైపు పరిగెత్తడం కామేశం గారి కళ్ళబడింది.

"వెనక్కి తిప్పు" అన్నారాయన.

"ఇక్కడ తిప్పలేవండి. కొండల మద్దిన వొరవడి ఎక్కువ. ఇవి దాటాక ఎడల్పు తగిలితేనేనండి" అన్నాడు నూకరాజు.

కొండలు వచ్చాయి. గోదావరి సన్నబడి రెండువైపులా పచ్చటి కొండలు దగ్గరికి జరిగాయి. జనమంతా లేచి ఆ పక్కకీ ఈ పక్కకీ వెళ్తున్నారు. కామేశం గారు సుభద్రమ్మ కోసం చూశారు. కుర్చీ ఖాళీగా ఉంది. దొడ్డి తలుపు మూసి ఉంది.

ఆయన కుర్చీ పట్టు వదిలి లేచారు. వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డారు. లోపల మీట నొక్కిన చప్పుడు, మళ్ళీ నొక్కిన చప్పుడు. ఆ తరవాత చిన్నగొంతుతో సుభద్రమ్మ పిలిచింది.

"ఏవండీ."

"ఇక్కడే ఉన్నాను."

"నీళ్ళు రావట్లేదండీ."

ఆయన వెనక్కి తిరిగి చూశారు. వెనకాల అప్పటికే నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు.

"నేనెలా రానండీ బయటికి? ఇలా వదిలేసి వస్తే వాళ్ళంతా ఏమనుకుంటారు? మీమాట నమ్మి తాగానే" అంది లోపలినుంచి. ఆ గొంతులో ఏడుపు ఆయనకొక్కరికే తెలిసింది.

లాంచీకి అటూ ఇటూ, ముందూ వెనకా నీళ్ళు. చెయ్యి జాపితే తగిలేంత దగ్గర. ఇన్ని నెలలుగా తను ఈ నీటికి వీపు పెట్టి కూచుని నీళ్ళకోసం వెతికాడు. కామేశం గారికి సిగ్గేసింది. తనమీద తనకి అంత కోపం ఎన్నడూ రాలేదు. గోడకి ఎర్రరంగు బకెట్టు వేలాడుతోంది, నిప్పంటుకుంటే ఆర్పడానికి ఇసక నింపి పెట్టింది. దాన్ని తీసి ఇసక బోర్లించేశారు. ఈత రానివాడు, కుర్చీ వదలనివాడు, అంచు మీదికి వంగి బకెట్టు ముంచారు.

"కామేశం గారూ" అన్నారు వెనకనుంచి పరాంకుశం గారు. "ఏం చేస్తున్నారు?"

"నీళ్ళు ముంచుతున్నానండి."

"ఎక్కడినుంచి?"

"ఇదిగో, ఇక్కడినుంచేనండి."

కామేశం గారు బకెట్టు రెండుచేతులా పట్టుకుని, తొణికిస్తూ వెళ్ళి తలుపు తట్టారు. తలుపు ఓరగా తెరుచుకుంది, గాజుల చెయ్యొకటి వచ్చి బకెట్టు అందుకుంది. లోపల నీళ్ళు జారిన చప్పుడైంది. దాన్నిమించిన సంగీతం ఆయన తన జన్మలో వినలేదు.

సుభద్రమ్మ బయటికొచ్చి, ఖాళీ బకెట్టు వరసలో మొదట ఉన్నావిడ చేతికిచ్చింది. ఆవిడ తిన్నగా వెళ్ళి ముంచుకుంది. ఆ తరవాత బకెట్టు చేతులు మారుతూనే ఉంది. తిరుగు ప్రయాణంలో చక్రధరరావు గారు కూడా ఎవరూ చూడట్లేదనుకుని, "నూకరాజూ, ఆ ఉపకరణమును ఇటు తెమ్ము" అన్నారు. సుభద్రమ్మ మాత్రం లాంచీ ముందుభాగాన వేపమొక్క పక్కన కూచుని, మిరపకాయబజ్జీ తింటూ, మూడో కాఫీ తాగుతూ కొండలన్నీ చూసింది. అయిపోయాక కూడా వెనక్కి తిరిగి చూసింది.

"క్యాలెండర్లో ఇలా లేవండీ" అంది.

కామేశం గారికి ఇంక ఏమైపోయినా ఫరవాలేదనిపించింది. అనిపించినట్టే అయింది.

మర్నాడు మెమో వచ్చింది. బహిరంగ జలవనరునుండి అనుమతి లేకుండా నీరు తోడుట అభియోగం. సంస్థలో ఇంజనీరింగు తెలిసిన అధికారి ఒక్కరే గనక, విచారణాధికారిగా ఆకొండి కామేశం గారినే నియమించారు. ఆయన తలుపు వేసుకుని విచారణ చేశారు. బల్లకి ఇటు కూచుని, "ఏడో షరతు మీకు తెలియునా?" అని అడిగి రాసుకునేవారు. లేచి బల్లచుట్టూ తిరిగి అటు కూచుని, "తెలుసండి, నేనే రాశాను" అని చెప్పి సంతకం పెట్టేవారు. అటెండరు రెండు టీలు తెచ్చి పెట్టాడు. ముద్దాయిని ఎలాగైనా వదిలేద్దామని విచారణాధికారి చాలా సందు వెతికారు. ఎక్కడా దొరకలేదు. భార్య అనే కారణం షరతుల్లో లేదు. అభియోగం రుజువైనదని రాసి, ఆ నివేదిక చూసుకుని, భాష బాగా కుదిరిందని ఆయనే మెచ్చుకున్నారు.

రిటైరయ్యేవాడి మీద కారుణ్యదృష్టితో ఎం.డి. గారు శిక్ష తగ్గించారు. తోడిన నీటిని తిరిగి నదికి జమ చేయాలి. నీరు ఆమోదిత వనరునుండే తేవాలి. నదుల శాఖ సమక్షంలో జమ చేసి, బాకీ లేదని పత్రం తెస్తే గాని పెన్షను కాగితాలు కదలవు. మిగతా బకెట్లన్నీ ముఖ్య అతిథుల నిమిత్తం తోడినవి గనక ఆతిథ్యం పద్దులో కలిపేశారు. మొదటి బకెట్టు ఒక్కటే కామేశం గారి బాకీ.

అలా సర్వీసులో ఆఖరిరోజు సాయంత్రం ఆయన రేవుకి వచ్చారు. గోదావరి ఎర్రగా, నిండుగా పోతోంది. లాంచీలన్నీ కట్టేసి ఉన్నాయి. సుభద్రమ్మ పైమెట్టుమీద కూచుంది. రేవులో కుళాయి తిప్పి కామేశం గారు ఆ ఎర్ర బకెట్టే నింపుకున్నారు. పరాంకుశం గారు వంగి బకెట్టులోకి చూశారు.

"నాడు అంచుదాకా ఉండెనా?"

"కొంచెం తొణికిందండి."

"తొణికినది నదిలో పడెనా, నౌకలో పడెనా?"

"నామీద పడిందండి."

పరాంకుశం గారు ఆలోచించి, అంచుదాకా నింపమన్నారు. నిండిన బకెట్టు పట్టుకుని కామేశం గారు నీళ్ళ ఒడ్డుకి దిగేసరికి, రేవులో తర్పణాలు చేయించే పంతులు గారు గొడుగు కిందనుంచి లేచి వచ్చారు.

"ఆగండి బాబూ, మంత్రం లేకుండా పోసేస్తున్నారేమిటి? గోత్రం, పోయినవారి పేరు చెప్పండి."

ఎవరేమడిగినా జవాబివ్వడం కామేశం గారికి అలవాటు. "హరితస గోత్రమండి. ఆకొండి కామేశం."

"మీకేమవుతారు?"

"పైఅధికారండి. మొన్న నన్ను విచారించింది ఆయనే."

"అవేం పాడు మాటలండీ" అని పైమెట్టునుంచి సుభద్రమ్మ కసిరింది. కసురుతూనే నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పాపం. ఎప్పుడు పోయారు?"

"ఇంకా లేదండి. అయిదింటికి."

ఆ రేవులో పంతులు గారు చూడని మనిషి లేడు. ఆయన తొణక్కుండా బకెట్టు వైపు చూశారు. "ఈ నీళ్ళెక్కడివి?"

"కుళాయివండి."

"ఎదురుగా గోదావరిని పెట్టుకుని కుళాయి నీళ్ళా? శాస్త్రం ఒప్పుకోదు బాబూ. అవతల పారబోసి, నదిలో ముంచండి."

"ముంచరాదు" అన్నారు పరాంకుశం గారు.

"ముంచకపోతే ఆయనకి సద్గతి ఎలా కలుగుతుందండీ?"

"సద్గతి మా శాఖ పరిధిలోనిది కాదు."

శాస్త్రానికీ శాఖకీ మాటా మాటా పెరిగింది. వాళ్ళని అలా వదిలేసి కామేశం గారు కుళాయి నీళ్ళు నెమ్మదిగా గోదావరిలో వంచేశారు. ఎర్రనీళ్ళలో అవి ఎక్కడ కలిశాయో కూడా తెలియలేదు. పత్రం అడిగితే పరాంకుశం గారు వాదన ఆపకుండానే సంతకం పెట్టి ఇచ్చారు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, కామేశం గారు వాచీ చూసుకున్నారు. అయిదయ్యేదాకా అలా చూస్తూనే నిలబడ్డారు. అప్పుడు వంగి, ఖాళీ బకెట్టు గోదావరిలో ముంచారు.

"కామేశం గారూ" అన్నారు పరాంకుశం గారు అదిరిపడి. "ఏం చేస్తున్నారు?"

"ఆయన ఇప్పుడే పోయారండి" అని చెప్పి, ఆయన నిండు బకెట్టు మోసుకుంటూ మెట్లెక్కి సుభద్రమ్మ కాళ్ళ దగ్గర పెట్టారు.

"కాళ్ళు కడుక్కో. ఇంటికి పోదాం."